రాయబారి ప్రాణం

గత నెలలో ఒక సాయంత్రం, అసర్ నమాజు ముగిసి పిల్లలు పాఠానికి కూర్చున్న వేళ, పద్నాలుగేళ్ల విద్యార్థి ఒకడు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. ఆనాటి దినపత్రిక నిండా మారేడుమిల్లి అడవుల వార్తే. నవంబరు 18న జరిగిన ఎదురుకాల్పుల్లో మావోయిస్టు నాయకుడు మాడ్వి హిడ్మా, ఆయన భార్య, మరి నలుగురు మరణించారన్నది దాని సారాంశం.

"హజ్రత్, పోలీసు చనిపోతే అమరుడంటున్నారు. అడవిలో వాళ్లు చనిపోతే వాళ్లవాళ్లు కూడా అమరుడనే అంటున్నారు. ఇద్దరిలో ఎవరిది నిజం?"

"ఎవరి సంకల్పం ఏమిటో ఎరిగినవాడు అల్లాహ్ ఒక్కడే, బేటా. ఆ తీర్పు ఆయనది" అని చెప్పి పాఠంలోకి మళ్లాము. చెప్పిన మాట సత్యమే. కాని సత్యమైన మాటను కూడా తప్పించుకోవడానికి వాడుకోవచ్చునని ఆ రాత్రి మాకు తోచింది. ఎందుకంటే ఆ బాలుడు అడవి కథ ఎక్కడో దూరాన జరిగినదనుకుంటున్నాడు. తాను పుట్టిన పల్నాటి నేల మీదనే ఈ కథ ఎంతకాలం నడిచిందో, ఒకసారి ముగిసే దాకా వచ్చి ఎలా చెడిపోయిందో వాడికి ఎవరూ చెప్పలేదు. ఈ నెల ఆ బాకీ తీర్చుకోదలచాము.

మా బెల్లంకొండకు అంత దూరం కాని గుత్తికొండ బిలం వద్దకే 1969లో చారు మజుందార్ వచ్చి ఆంధ్ర ప్రాంత విప్లవకారులతో రహస్యంగా సమావేశమయ్యాడు. అప్పటికి శ్రీకాకుళం కొండలలో గిరిజన పోరాటం సాయుధ రూపం దాల్చింది. 1970 జూలైలో దాని నాయకులు వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం మరణించడంతో ఆ ఘట్టం ముగిసిందని ప్రభుత్వం తలచింది. ముగియలేదు. 1980లో కొండపల్లి సీతారామయ్య పీపుల్స్ వార్‌ను స్థాపించారు. ప్రభుత్వం 1989లో గ్రేహౌండ్స్ అనే ప్రత్యేక దళాన్ని ఏర్పాటు చేసింది. మందుపాతరకు ఎన్‌కౌంటర్, ఎన్‌కౌంటర్‌కు మందుపాతర బదులుగా నిలిచిన కాలమది. నల్లమల అంచున ఉన్న మన పల్లెలు ఆ రెంటి నడుమ నలిగాయి.

అప్పట్లో మేము పాఠం చెప్పిన ఒక గ్రామంలో ఒకే వీధిలో రెండు ఇళ్లుండేవి. ఒక ఇంటి కుమారుడు అడవికి వెళ్లి తిరిగి రాలేదు. రెండవ ఇంటి యజమానిని ఇన్‌ఫార్మర్ అన్న అనుమానంతో ఒక రాత్రి పిలిచి కాల్చివేశారు. ఆ తల్లీ, ఈ భార్యా ఒకే కుళాయి దగ్గర బిందెలు నింపుకునేవారు. ఒకరినొకరు పలకరించుకోవడం మేము ఎన్నడూ చూడలేదు. ఒకామె వస్తే మరొకామె బిందె సగం నిండగానే ఎత్తుకుని వెళ్లిపోయేది.

ఇటువంటి రోజులలో 2004వ సంవత్సరం వచ్చింది. ఎన్నికల తరువాత ఏర్పడిన డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం జూన్‌లో కాల్పుల విరమణ ప్రకటించింది. నిషేధాన్ని పొడిగించలేదు. అక్టోబరులో పీపుల్స్ వార్ నాయకులు నల్లమల నుండి బయటికి వచ్చారు. వారిలో ముఖ్యుడైన రామకృష్ణ అసలు పేరు అక్కిరాజు హరగోపాల్, మన రెంటచింతల మండలం తుమృకోటకు చెందినవాడు. చారు మజుందార్ వచ్చిన ఆ గుత్తికొండ దగ్గరే బహిరంగ సభలో మాట్లాడి వారు హైదరాబాదు వెళ్లారు. అక్టోబరు 15 నుండి 18 వరకు హోంమంత్రి జానారెడ్డి నాయకత్వంలోని ప్రభుత్వ ప్రతినిధులు, పీపుల్స్ వార్, జనశక్తి ప్రతినిధులు ఎదురెదురుగా కూర్చున్నారు.

ఆ నెలలలో మా పల్లెలలో కనిపించిన మార్పు చిన్నదే. ఇషా నమాజు తరువాత కూడా పెద్దలు మసీదు అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు. తలుపు తట్టిన చప్పుడుకు ఇంటిల్లిపాది ఉలిక్కిపడడం తగ్గింది. శాంతి అంటే సామాన్యుడికి అంతే కదా!

ఆ చర్చలకు మధ్యవర్తులుగా నిలిచినవారిలో ఎస్.ఆర్. శంకరన్ గారిని ఇక్కడ తప్పక తలచుకోవాలి. ఆయన ఐ.ఎ.ఎస్. అధికారి. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి జిల్లా గుర్తేడు వద్ద నక్సలైట్లు అపహరించిన అధికారులలో ఆయన ఒకరు. తనను బందీగా పట్టుకున్నవారి మీద ఆయన కక్ష పెంచుకోలేదు. పదవీ విరమణ తరువాత మరికొందరు పెద్దలతో కలిసి పౌరస్పందన వేదిక ద్వారా ఏళ్ల తరబడి ఉభయ పక్షాలనూ నిలదీశారు. ఎన్‌కౌంటర్ల పేరిట చంపవద్దని ప్రభుత్వానికి, ఇన్‌ఫార్మర్ల పేరిట చంపవద్దని దళాలకు చెప్పారు. ఇద్దరికీ చేదైన మాట చెప్పేవాడే మధ్యవర్తి. ఆయన ముస్లిం కాదు. కాని ఉభయుల నడుమ న్యాయంతో సంధి చేయండని సూరా హుజురాత్ బోధించిన పనిని ఆయన చేశారని చెప్పడానికి మాకు సంకోచం లేదు.

అయినా చర్చలు నిలవలేదు. పల్లెలలో ఆయుధాలతో తిరగరాదని ప్రభుత్వం పట్టుబట్టింది. ఆయుధం విడిచే ప్రసక్తి లేదని వారన్నారు. భూమి పంపకమే మొదటి సమస్య అని వారన్నారు. ప్రభుత్వం ఆ తరువాత కోనేరు రంగారావు అధ్యక్షతన భూమి కమిటీని వేసింది. దాని నివేదిక 2006లో వచ్చేసరికి చర్చల బల్లే మిగలలేదు. చర్చలకు ఒకరోజు ముందే పీపుల్స్ వార్, ఉత్తరాదిలోని ఎం.సి.సి. ఒకే మావోయిస్టు పార్టీగా విలీనమైనట్లు ప్రకటించాయి. విరామాన్ని బలం కూడగట్టుకోవడానికి వాడుకుంటున్నారని ఒకరినొకరు నిందించుకున్నారు. 2005 జనవరిలో మళ్లీ ఎన్‌కౌంటర్లు జరిగాయి. ఆ నెల మధ్యలోనే అడవి పక్షం చర్చల నుండి తప్పుకుంది. మార్చిలో చిలకలూరిపేట పోలీసు స్టేషన్ మీద దాడి జరిగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆగస్టు 15న నారాయణపేటలో శాసనసభ్యుడు నర్సిరెడ్డిని కాల్చి చంపారు. రెండు రోజులకు నిషేధం తిరిగి వచ్చింది.

ఈ వరుసలో ఒక సంఘటనను మేము మరచిపోలేము. జనశక్తి తరఫున రియాజ్ అనే పేరుతో ఆ బల్ల ముందు కూర్చున్న ప్రతినిధి 2005 జూలైలో మరణించాడు. ఎదురుకాల్పులని పోలీసులన్నారు. పౌరహక్కుల సంఘాలు ఒప్పుకోలేదు. నిజమేదైనా, మాటలాడటానికి వచ్చిన మనిషి తొమ్మిది నెలలు తిరగకముందే శవమయ్యాడన్న వార్త అడవి అంతటా వ్యాపించింది. ఆ తరువాత ఎవరు నమ్మి బయటికి వస్తారు?

పల్నాటివారికి ఇది కొత్త కథ కాదు. మన వీరగాథ చెప్పేదీ ఇదే. మాచర్ల పక్షం నుండి సంధి కోసం గురజాలకు రాయబారిగా వెళ్లినవాడు అలరాజు. వెళ్లినది స్వయాన తన మామగారైన నలగామరాజు కొలువుకే. తిరుగుదారిలో చర్లగూడిపాడు వద్ద అతనికి విషం పెట్టారని కథ. ఆ మరణంతో సంధి తలుపు మూసుకుపోయింది. తెరుచుకున్నది కారెంపూడి యుద్ధభూమి. ఆ భూమిలో నేటికీ ఏటేటా వీరుల ఉత్సవం జరుగుతుంది. యుద్ధం చేసినవారికి మనం ఇచ్చినంత చోటు సంధి కోసం వెళ్లినవానికి ఇవ్వలేదేమోనని మాకనిపిస్తుంది.

ఇప్పుడు మరొక రాయబారి కథ వినండి. హిజ్రీ 6వ సంవత్సరంలో దైవప్రవక్త ముహమ్మద్ (సల్లం) వారు సుమారు 1400 మంది సహచరులతో ఉమ్రా కోసం మక్కాకు బయలుదేరారు. ఖురైషులు అడ్డగించారు. హుదైబియా వద్ద ఆగి, తాము యుద్ధానికి రాలేదని చెప్పడానికి హజ్రత్ ఉస్మాన్ (రజి) గారిని మక్కాకు పంపారు. ఆయన రావడం ఆలస్యమైంది. ఆయనను చంపివేశారన్న వదంతి పుట్టింది. అప్పుడు చెట్టు క్రింద సహచరులందరూ ప్రాణాలొడ్డుతామని ప్రతిజ్ఞ చేశారు. రాయబారి ప్రాణం విలువ అంతటిది! కాని ఆ వదంతి అబద్ధమైంది. ఉస్మాన్ (రజి) సజీవంగా తిరిగి వచ్చారు. రాయబారి బ్రతికి రావడం వల్ల కత్తులు ఒరలలోనే ఉండిపోయాయి.

ఆ తరువాత జరిగినది యుద్ధం కంటే కష్టమైనది. ఖురైషుల తరఫున వచ్చిన సుహైల్, సంధిపత్రంలో 'రహ్మాన్', 'రహీమ్' అన్న దివ్యనామాలకు అభ్యంతరం చెప్పాడు. ప్రవక్త (సల్లం) ఒప్పుకున్నారు. 'దైవప్రవక్త' అన్న మాట తీసివేయాలన్నాడు. దానినీ ఒప్పుకున్నారు. చెరిపివేయడానికి హజ్రత్ అలీ (రజి) గారికి చెయ్యి రాలేదు. మక్కా నుండి పారిపోయి వచ్చినవారిని తిప్పి పంపాలన్న షరతు అన్నింటికంటే చేదైనది. సిరా ఆరకముందే సుహైల్ సొంత కుమారుడు అబూ జందల్ (రజి) సంకెళ్లతో పడుతూ లేస్తూ వచ్చి శరణు వేడారు. ఇచ్చిన మాట ప్రకారం ఆయననూ తిప్పి పంపవలసి వచ్చింది. హజ్రత్ ఉమర్ (రజి) అంతటివారే తట్టుకోలేకపోయారు. ఖుర్బానీ ఇవ్వండని ఆదేశించినా దుఃఖంతో సహచరులు కదలలేదు. అప్పుడు ఆ గుడారంలో దారి చూపినది ఒక స్త్రీ. తమరు ఎవరితోనూ మాట్లాడక ముందు తమ ఖుర్బానీ తామే ఇవ్వండని ఉమ్మె సలమా (రజి) సలహా ఇచ్చారు. ప్రవక్త (సల్లం) అలాగే చేశారు. చూచి అందరూ లేచారు. తిరుగు ప్రయాణంలో అవతరించిన సూరా ఫతహ్, ఓటమిలా కనిపించిన ఆ సంధికి స్పష్టమైన విజయమని పేరు పెట్టింది. రెండేళ్లకు మక్కా ద్వారాలు తెరుచుకున్నాయి.

ఎదుటివారు మోసం చేస్తారేమో అన్న భయం సంధికి అడ్డు కారాదా అని కొందరు అడుగుతారు. సూరా అన్‌ఫాల్ ఈ భయాన్ని దాచలేదు. శత్రువు శాంతికి మొగ్గితే నీవూ మొగ్గు అని చెప్పి, వారు మోసమే తలపెట్టినా నీకు అల్లాహ్ చాలునని భరోసా ఇచ్చింది. అబద్ధ ప్రవక్త ముసైలిమా దూతలు వచ్చి ఎంతటి దుర్మార్గమైన మాట పలికినా, దూతలను చంపరాదన్న నియమాన్ని ప్రవక్త (సల్లం) మీరలేదు.

ఇక నేటి స్థితి చూడండి. 2025 వసంతంలో మావోయిస్టులు చర్చలకు సిద్ధమన్నారు. ముందు ఆయుధాలు దించండి, మాటలు తరువాత అన్నది కేంద్రం. 2026 మార్చి 31 నాటికి మావోయిజాన్ని నిర్మూలిస్తామని గడువు పెట్టింది. మే 21న అబూఝ్‌మాడ్‌లో పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లాకు చెందిన నంబాల కేశవరావుతో కలిపి 27 మంది మరణించారు. అక్టోబరులో మల్లోజుల వేణుగోపాలరావు అరవై మందితో కలిసి ఆయుధాలు అప్పగించారు. సైనికంగా ఈ యుద్ధం ముగింపునకు వచ్చిందనే అనిపిస్తున్నది.

ఆయుధం పట్టినవారి చేతులు శుభ్రమైనవని మేము అనము. 2010 ఏప్రిల్ 6న తాడిమెట్ల వద్ద 76 మంది భద్రతా సిబ్బందిని చంపినది వారే. ఆ జవాన్లూ పేద తల్లుల బిడ్డలే. అనుమానం మీద పొరుగువాడిని చంపేవారికి హజ్రత్ ఉసామా (రజి) ఉదంతం చాలు. యుద్ధంలో కలిమా పలికిన వ్యక్తిని, అది ప్రాణభయంతో పలికాడని తలచి ఆయన చంపారు. అతని గుండె చీల్చి చూశావా అని ప్రవక్త (సల్లం) నిలదీశారు. ఇన్‌ఫార్మర్ అని ముద్రవేసి చంపిన ప్రతి తుపాకీకీ ఆ ప్రశ్న వర్తిస్తుంది. పట్టుబడినవానిని కోర్టుకు పంపక కాల్చిన తుపాకీ ఏదైనా ఉంటే, దానికీ వర్తిస్తుంది.

మరొక మాట. కేశవరావు బంధువులు భౌతికకాయం కోసం వెళ్లినా అంత్యక్రియలు చివరికి నారాయణపూర్‌లోనే జరిగాయి. ఒక యూదుని శవయాత్ర వెళుతుంటే ప్రవక్త (సల్లం) లేచి నిలబడ్డారు. ఆయన యూదుడు కదా అని చెబితే, అదీ ఒక ప్రాణం కాదా అన్నారు. గెలిచిన ప్రభుత్వం ఓడినవాని శవాన్ని తల్లి ఊరికి పంపితే దాని బలం తరగదు, పెరుగుతుంది. గడువు తేదీ తుపాకులను ఆపగలదేమో. భూమి, అడవి, గౌరవం కోసం గిరిజనుడు వేసిన ప్రశ్నను అది ఆపలేదు. 1970లో ముగిసిందనుకున్నది పదేళ్లలో మళ్లీ లేచింది ఇందుకే.

ఇది మన విషయం కాదని అనుకునే పాఠకులకు ఒక విన్నపం. రెండు కుటుంబాలు మాట్లాడుకోవడం మానేసిన ప్రతి వీధిలోనూ చిన్న యుద్ధం నడుస్తూనే ఉంటుంది. అన్నదమ్ముల పొలం గట్టు తగాదాలోనైనా, అత్తింటి పుట్టింటి అలకలోనైనా, మాట మోసుకుని వచ్చినవాడిని అవమానించి పంపితే రెండవసారి ఎవరూ రారు. మీ గడపకు సంధి కోసం వచ్చినవారికి ముందు మంచినీళ్లివ్వండి. మీకు నచ్చని ఒక షరతునైనా ఒప్పుకోండి. ఇంట్లో ఉమ్మె సలమా (రజి) వంటి స్త్రీలు చెప్పే మాట వినండి.

ఆ బాలుడిని నిన్న మళ్లీ పిలిచి కూర్చోబెట్టుకున్నాము. అమరుడెవరో తీర్పు చెప్పే అర్హత మాకు లేదని మళ్లీ చెప్పాము. ఈసారి అక్కడితో ఆపలేదు. ఆ కుళాయి సంగతి చెప్పాము. బిందె సగంలోనే ఎత్తుకుని వెళ్లే ఆ ఇద్దరిని కలిపి కూర్చోబెట్టగలవా, అది నేర్చుకుంటావా అని అడిగాము. వాడు చాలాసేపు ఆలోచించి, "మీరు ప్రయత్నించారా హజ్రత్?" అన్నాడు.

లేదు. ఆనాడు మాకు ధైర్యం చాలలేదు. ఆ తల్లి ఇప్పుడు లేదు. రెండవ ఇంటి ఆమె ఉన్నారని విన్నాము. ఈ జుమా తరువాత ఆ ఊరికి వెళ్లాలని సంకల్పించాము. చెదిరిన హృదయాలను కలిపే శక్తి అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.