ఆయన ఆడని ఇన్నింగ్స్

డేవిడ్ షెపర్డ్ అనగానే స్కోరు 111కు చేరినప్పుడు ఒంటికాలిపై గెంతే అంపైరు చాలామందికి గుర్తొస్తాడు. నేను చెప్పబోయే డేవిడ్ షెపర్డ్ ఆయన కాదు. ఈయన ఇంగ్లాండు ఓపెనింగ్ బ్యాట్స్‌మన్, ఆ తర్వాత లివర్‌పూల్ బిషప్.

1929లో పుట్టిన షెపర్డ్ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికీ, ససెక్స్ జట్టుకూ ఆడాడు. పొడగరి. నిటారుగా నిలబడి, ముందుకు అడుగేసి కొట్టే డ్రైవ్ ఆయన బలం. తొందరపాటు లేదు. 1950లో టెస్టుల్లో అడుగుపెట్టి, 1952లో ఓవల్ మైదానంలో మన భారత జట్టు మీదే 119 పరుగులు చేశాడు. 1954లో పాకిస్థాన్‌తో రెండు టెస్టులకు కెప్టెన్‌గా ఉన్నాడు. మొత్తం 22 టెస్టుల్లో 1,172 పరుగులు, 3 సెంచరీలు, ఫస్ట్ క్లాస్ క్రికెట్లో 45 సెంచరీలు ఆయనవి.

1949లో కేంబ్రిడ్జిలో చదువుతుండగా ఒక సువార్తికుని ప్రసంగం విని ఆయన తన జీవితాన్ని క్రీస్తుకు అప్పగించుకున్నాడు. ఆట మంచి ఊపు మీదున్నప్పుడే 1955లో పాదిరిగా అభిషేకం పొందాడు. మరుసటి ఏడాది కొద్ది మ్యాచ్‌లే ఆడి, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఆస్ట్రేలియా మీద 113 పరుగులు చేశాడు. అభిషిక్తుడైన పాదిరి టెస్టు ఆడటం అదే మొదటిసారి. 1957 నుంచి 12 ఏళ్లు తూర్పు లండన్‌లో, ఓడరేవు కూలీలుండే క్యానింగ్ టౌన్‌లో పరిచర్య చేశాడు. మధ్యలో 1962లో మళ్లీ ఇంగ్లాండు జట్టులోకి వచ్చాడు. ఆ పర్యటనలో మెల్‌బోర్న్ టెస్టు మొదటి ఇన్నింగ్స్‌లో సున్నా, పైగా క్యాచ్‌లు జారవిడిచాడు. అయినా కుంగిపోక రెండో ఇన్నింగ్స్‌లో 113 పరుగులు చేసి జట్టును గెలుపు వాకిట నిలిపాడు.

ఇవన్నీ గొప్ప విషయాలే. కానీ నా దృష్టిలో ఆయన అత్యుత్తమ ఇన్నింగ్స్ ఆయన ఆడనిది. 1960లో దక్షిణాఫ్రికా జట్టు ఇంగ్లాండుకు వచ్చింది. నల్లవారికి చోటులేని జట్టది. ఆ జట్టుతో తాను ఆడనని షెపర్డ్ బహిరంగంగా చెప్పాడు. 1968లో కేప్‌టౌన్‌లో పుట్టిన మిశ్రమ సంతతి ఆటగాడు బేసిల్ డాలివేరాను దక్షిణాఫ్రికా పర్యటనకు మొదట ఎంపిక చేయనప్పుడు, ఎంసీసీ ప్రత్యేక సమావేశంలో కమిటీకి వ్యతిరేకంగా తీర్మానం పెట్టాడు. ఓటింగులో ఓడిపోయాడు. ఆటకూ రాజకీయాలకూ ముడిపెట్టవద్దని ఎందరో హితవు చెప్పారు. అయితే 1970లో జరగాల్సిన దక్షిణాఫ్రికా పర్యటన రద్దయింది, ఆ దేశం 1991 దాకా అంతర్జాతీయ క్రికెట్‌కు దూరమైంది. ఓడిన తీర్మానం న్యాయం పక్షాన ఉందని కాలమే రుజువు చేసింది.

ప్రభువు చెప్పిన మంచి సమరయుని ఉపమానంలో (లూకా 10) యాజకుడు గాయపడినవాణ్ణి కొట్టలేదు, దోచుకోలేదు. ఊరకే పక్కనుంచి వెళ్లిపోయాడు. అదే అతని పాపం. మనం కూడా చాలాసార్లు చేసేది అదే. దూరదేశపు వర్ణవివక్షను ఖండించడం మనకు తేలిక. కానీ ఒకే రొట్టెలో, ఒకే పాత్రలో పాలుపొందిన విశ్వాసులం పెళ్లి సంబంధాల దగ్గరకు వచ్చేసరికి కులం అడుగుతున్నామా లేదా? సంఘ పెద్దల ఎన్నికల్లో ఆ లెక్కలు వేస్తున్నామా లేదా? అది తప్పని తెలిసీ కానుకలు తగ్గుతాయేమో, పెద్దలు నొచ్చుకుంటారేమో అని మౌనంగా ఉన్న పాదిరుల్లో నేనూ ఒకణ్ణి. అందుకే షెపర్డ్ జీవితం నన్ను గద్దిస్తుంది.

క్రికెట్ లోకసంబంధమైనదని, దాన్ని మానేస్తేనే భక్తి అని మన యువతకు చెబుతుంటాం. షెపర్డ్ బ్యాటును ద్వేషించలేదు. దాన్ని దేవుని చేతికి అప్పగించాడు, దేవుడు ఎత్తమన్నప్పుడు ఎత్తాడు, దించమన్నప్పుడు దించాడు. తలాంతు దేవుడిచ్చినదే. దాన్ని ఎక్కడ వాడాలో ఎంత ముఖ్యమో, అన్యాయం ముందు ఎక్కడ వాడననాలో కూడా అంతే ముఖ్యం.

1975 నుంచి 1997 వరకు లివర్‌పూల్ బిషప్‌గా పేదల పక్షాన నిలిచిన షెపర్డ్ 2005లో ప్రభువు సన్నిధికి చేరాడు. పరుగుల పుస్తకంలో ఆయన పైనున్నవారు ఎందరో ఉన్నారు. కానీ దేవుని పుస్తకంలో ఆడిన ఆటలే కాదు, ఆయన కోసం వదులుకున్నవీ లెక్కకొస్తాయి. వచ్చే ఆదివారం బల్ల దగ్గరకు వెళ్లేముందు మనం వదులుకోవలసినదేమిటో ఆలోచిద్దాం.