చీముగడ్డ ఫొటోకి తొందరపడితే ఎలా?

ఆపరేషన్ అయి పది రోజులైంది. పైన కుట్లు మానాయి. అయినా సాయంత్రం అయ్యేసరికి చలి, జ్వరం. సీటీ తీస్తే 'లోపల ఏదో చేరినట్టుంది' అన్నారు. అది చీమా, ఉత్త నీరా? ఇలాంటి చిక్కు వచ్చినప్పుడు ఒక్కోసారి న్యూక్లియర్ మెడిసిన్ విభాగానికి పంపిస్తారు.

చీము పట్టినచోటికి తెల్ల రక్తకణాలు పరుగెత్తుతాయి కదా! ఆ గుణాన్నే ఇక్కడ వాడుకుంటారు. రోగి రక్తం ఓ 40, 50 మిల్లీలీటర్లు తీసి, తెల్లకణాల్ని వేరుచేసి, వాటికి కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం అంటించి మళ్లీ నరంలోకి ఎక్కిస్తారు. అవి ఎక్కడ పోగయ్యాయో గామా కెమెరా చూపిస్తుంది.

అయితే ఎక్కించిన వెంటనే ఫొటో తీస్తే, చుట్టూ ఉన్న రక్తం కూడా వెలుగుతూ ఉంటుంది. పట్టపగలు దీపం పెట్టినట్టే! గడ్డ స్పష్టంగా కనబడాలంటే చుట్టుపక్కల వెలుగు తగ్గాలి. అందుకు కావలసింది ఓపిక. ఇండియం-111 వాడితే దాని అర్ధాయువు సుమారు 2.8 రోజులు కాబట్టి 24 గంటలు ఆగి తీయొచ్చు. టెక్నీషియం-99ఎం అర్ధాయువు 6 గంటలే. బొమ్మ బాగా వస్తుంది గానీ, కొన్ని గంటలకి మందు మామూలుగానే పేగుల్లోకి దిగుతుంది. అందుకే పొట్టను ముందు ఒకసారి, తర్వాత ఇంకోసారి తీసి పోల్చి చూస్తారు.

కాలేయం, ప్లీహంతో ఇంకో పేచీ. చీము లేకపోయినా తెల్లకణాలు వాటిలో చేరతాయి. పక్కనే గడ్డ ఉంటే ఆ వెలుగులో కలిసిపోతుంది. అప్పుడు సల్ఫర్ కొల్లాయిడ్ అనే ఇంకో మందు ఇస్తారు. అది కాలేయానికి, ప్లీహానికి వెళ్తుంది గానీ చీముగడ్డలోకి పోదు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెడితే, మొదటిదాంట్లో వెలిగి రెండోదాంట్లో వెలగని చోటే అనుమానించాల్సిన చోటు.

అందుచేత 'రేపు మళ్లీ రండి' అంటే విసుక్కోకండి. ఫొటో బాగా రాలేదేమోనని కంగారూ వద్దు. ఆ ఎదురుచూపు కూడా పరీక్షలో భాగమే. ఇల్లు దూరమైతే ఎన్నిసార్లు రావాలో ముందే అడిగి, ఆ ప్రకారం ఏర్పాటు చేసుకోండి. గర్భం అన్న అనుమానం ఉన్నా, బిడ్డకు పాలిస్తున్నా ఇంజెక్షన్‌కి ముందే చెప్పాలి. సరైన చోటు తెలిస్తేనే కదా, డాక్టరు సూది గురి తప్పకుండా దిగేది!