కారు అద్దములు – చట్టపు హద్దులు

కత్తిరి యెండలలో కారు అద్దములకు నల్లపొర అతికించుకొనవలెనన్న కోరిక సహజమే. కాని చట్టమేమనుచున్నదో మనవారు ముందుగా తెలిసికొనుట మేలు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళి, 100వ నియమము ప్రకారము ముందు, వెనుక అద్దముల గుండ వెలుతురు నూటికి 70 పాళ్లకును, ప్రక్క అద్దముల గుండ 50 పాళ్లకును తగ్గక ప్రసరింపవలెను. ఈ అంకెలు నలుపును గాక వెలుతురును కొలుచునవి.

ఎంత పలుచనిదైనను పొర అతికించుటయే కూడదని 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2021 ఏప్రిల్ నుండి అమలైన సవరణ పొరతో కూడిన భద్రతా గాజునకు చోటిచ్చినది. దానిని బట్టి, హద్దులకు లోబడిన పొరకు అభ్యంతరము లేదని 2024లో కేరళ హైకోర్టు పలికినది. ఆ హద్దులు మాత్రము మారలేదు.

ఇచ్చట లెక్క యొకటి గమనింపదగును. 70 పాళ్లు వదలు అద్దముపై 70 పాళ్లు వదలు పొర వేసినచో మిగులునది 49 పాళ్లే. ప్రక్క అద్దమునకు సైతము అది చాలదు.

మింటు వీధి వంటి ఇరుకు దారిలో, చీకటివేళ, నడచువాని ప్రాణము నడుపువాని చూపుపై నిలిచియున్నది. కనుక పొర అమ్మువాని మాటతో తృప్తిపడక, అద్దమును పొరను కలిపి ఎంత వెలుతురు ప్రసరించునో వ్రాతమూలముగా తీసికొనుడు. నీడ కొరకు చూపును పోగొట్టుకొనుట వివేకము కాదు.