అన్నం బాకీ

పోయిన ఏడాది ముంబైలో ఒక సదస్సుకి వెళ్తే, మధ్యాహ్నం భోజనానికి మిత్రులు లోయర్ పరేల్ తీసుకెళ్ళారు. ఆ రోడ్డు ఇప్పుడు సేనాపతి బాపట్ మార్గ్, పాతవాళ్ళకి మాత్రం తులసీ పైప్ రోడ్డే. ఒకప్పటి మిల్లు షెడ్డులో హోటలు. ఎత్తైన పైకప్పు, గోడకి అలంకారంగా బిగించిన కొయ్య బాబిన్లు. మాతో ఉన్న ఒక విమర్శకురాలు, స్త్రీవాదే, ముచ్చటగా అన్నారు: "చచ్చిపోయిన వీధిని ఈ చిన్న చిన్న స్థానిక వ్యాపారాలు ఎలా బతికించాయో చూడండి. వీటిలో కొన్ని ఆడవాళ్ళు నడిపేవే!"

నాకు ముద్ద దిగలేదు. అక్కడ వాదించలేకపోయాను, ఇక్కడ వాదిస్తున్నాను.

ఆ వీధి దానంతటది చచ్చిపోలేదు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో దాదాపు రెండున్నర లక్షలమంది మిల్లు కార్మికులు సమ్మెకి దిగారు. దాన్ని విరమించామని ఇప్పటిదాకా ఎవరూ ప్రకటించలేదు. ఆ తరవాత యజమానులకి బట్టకన్నా భూమి మీదే లాభం కనబడింది. 1991 నిబంధనల ప్రకారం మిల్లు భూమిలో మూడోవంతు నగరానికి, మూడోవంతు ప్రజల ఇళ్ళకి, మిగిలింది యజమానికి దక్కాలి. 2001 సవరణతో ఆ పంపకం కట్టడాలు లేని ఖాళీ నేలకి కుదించుకుపోయింది. 2006లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. "పునరుజ్జీవనం" అనే అందమైన మాట వెనక ఇంత గణితం ఉంది.

ఇదంతా వామపక్ష మిత్రులు చాలాసార్లు చెప్పిందే. నా తగాదా వాళ్ళతోనూ ఉంది. వాళ్ళ కథలో కార్మికుడంటే మగవాడే. 1920ల్లో బొంబాయి మిల్లుల్లో ఐదోవంతు దాకా ఆడవాళ్ళు. నూలు చుట్టే వైండింగ్, రీలింగ్ విభాగాలు వాళ్ళవే. యంత్రాలు మార్చి మనుషుల్ని తగ్గించినప్పుడు ముందు పోయింది ఆ విభాగాలే. 1929లో ప్రసూతి ప్రయోజన చట్టం వచ్చాక, ఆడవాళ్ళని పెట్టుకుంటే ఖర్చు అనే సాకు కూడా దొరికింది. మిల్లు బయటికి నెట్టినవాళ్ళకీ, అసలు లోపలికి రానివ్వనివాళ్ళకీ మిగిలింది పొయ్యి.

ఆ పొయ్యే ఖానావళి. రత్నగిరి నుంచీ సతారా నుంచీ ఒంటరిగా వచ్చిన మగవాళ్ళు ఒక్క గదిలో షిఫ్టులవారీగా పడుకునేవారు. వాళ్ళకి రెండుపూటలా వండిపెట్టి నెలకోసారి డబ్బు తీసుకునే ఆడవాళ్ళు ప్రతి చాల్‌లోనూ ఉండేవారు. మిల్లు నడిచిందంటే వాళ్ళ వల్ల కూడా. అసలు స్థానిక వ్యాపారం అంటే అది కాదూ?

మా నాయనమ్మ వర్లీలో ఎనిమిదిమందికి వండింది. సిరిసిల్ల వైపునుంచి మగ్గం వదిలి వచ్చిన పద్మశాలీలు, మావాళ్ళే. పొద్దుటి షిఫ్టుకి జొన్నరొట్టె, రాత్రికి అన్నం, పచ్చిపులుసు. చదువు రాదు కాబట్టి లెక్క గోడమీద బొగ్గుగీతలు. సమ్మె మొదలయ్యాక నెలలు గడిచినా డబ్బు రాలేదు, వంట మాత్రం ఆగలేదు. మెడలో బంగారు గుండ్లు మార్వాడీ దగ్గర కుదువపెట్టింది, మళ్ళీ విడిపించుకోలేదు. తిన్నవాళ్ళలో కొందరు భివండీ పవర్‌లూములకి, కొందరు ఊరికి పోయారు. ఎందుకు అడగలేదంటే "అన్నం బాకీ అడుగుతరా బిడ్డా?" అనేది. ఆ మాటని త్యాగం అని పొగిడి ఊరుకోవడం మనకి బాగా అలవాటు. అది ఒక వ్యాపారం దివాలా తీయడం. మిల్లు దివాలాకి కాగితాలున్నాయి, ఆమె దివాలాకి లేవు.

ఆమెది వ్యాపారమేనని గుర్తించినవాళ్ళు లేకపోలేదు. 1975లో ప్రేమా పురావ్ అన్నపూర్ణ మహిళా మండల్ పెట్టి, వడ్డీవ్యాపారుల గుప్పిట్లో ఉన్న ఖానావళి ఆడవాళ్ళకి బ్యాంకు అప్పులిప్పించారు. మా నాయనమ్మకి ఆ కబురు అందలేదు. మిల్లు కార్మికులకి ప్రభుత్వం ఇళ్ళు ఇవ్వడం మొదలుపెట్టాక అర్హతకి ఆధారం మిల్లు రికార్డులో పేరే. తాతయ్య పేరు ఉంది కాబట్టి మా ఇంట్లో దరఖాస్తు పెట్టుకోగలిగారు. పక్క గదిలో పన్నెండుమందికి వండిన వితంతువు ఏ రికార్డు చూపిస్తుంది?

గోడకి కొట్టిన ఆ బాబిన్లని చూస్తుంటే ఇంకోటి గుర్తొచ్చింది. మా ఊళ్ళో మగ్గం నేసేవాడు నేతకార్మికుడు. పొద్దస్తమానం రాట్నం ముందు కూచుని కండెలు చుట్టే అతని భార్య "ఇంట్లో ఉంటుంది". ముంబైలో ఆ కండె గోడెక్కింది, చుట్టిన చెయ్యి ఎక్కలేదు.

ఆడవాళ్ళు హోటళ్ళు నడపడం మీద నాకు అసూయ లేదు. కానీ పెట్టుబడి ఎవరిది, అద్దె ఎవరికి, వెనక పాత్రలు తోమే ఆవిడ ఏ లోకల్ రైల్లో ఎంతదూరం నుంచి వస్తోంది అని అడక్కుండా "ఆడవాళ్ళు నడిపేవే" అని సంతోషపడిపోతే, మన స్త్రీవాదానికి గల్లాపెట్టె దగ్గర కూచున్నావిడ ఒక్కతే కనిపిస్తున్నట్టు. ఇదే రోడ్డుమీద కమలా మిల్స్ ఆవరణలో 2017 డిసెంబరు 29న పైకప్పు రెస్టారెంట్లు తగలబడి 14 మంది చనిపోయారు. 11 మంది ఆడవాళ్ళు. ఆ వీధి బతికిందనే వ్యాసాల్లో ఆ రాత్రికి ఎన్ని వాక్యాలు దక్కుతున్నాయో చూడండి.

ఆ మిత్రురాలు ఈ వీధి గురించి వ్యాసం రాయబోతున్నారని విన్నాను. రాయాలి. రాసేముందు లాల్‌బాగ్, పరేల్ చాళ్ళలో ఇంకా మిగిలిన ముసలమ్మల దగ్గర కూచుని, ఎవరు ఎన్ని నెలల అన్నం బాకీ పడ్డారో అడిగి రాసుకోవాలి. మా నాయనమ్మ ఇప్పుడు లేదు. గీతలున్న గోడకి ఎప్పుడో సున్నం కొట్టేశారు. ఎనిమిదిమందిలో ముగ్గురి బాకీ మాత్రం ఆమె చివరిదాకా పేర్లతో సహా చెప్పేది.