ఒక చిత్రానికి తొమ్మిది దేశాల నిధులు: ఐరోపా నమూనా బలం, దాని మూల్యం

బోస్నియా-హెర్జెగోవినా జనాభా సుమారు 35 లక్షలు. సినిమా టికెట్ల వసూళ్లతో భారీ చిత్రం పెట్టుబడిని రాబట్టగల విపణి అక్కడ లేదు. అయినా 1995లో స్రెబ్రెనిత్సాలో ఎనిమిది వేలమందికి పైగా బోస్నియా ముస్లిం పురుషులను, బాలురను హతమార్చిన ఉదంతంపై ఆ దేశ దర్శకురాలు యాస్మిలా జ్బానిచ్ 2020లో ‘కువో వాదిస్, ఐదా?’ తీయగలిగారు. తొమ్మిది దేశాల నిర్మాతలు చేతులు కలపడమే అందుకు కారణం.

ఇటువంటి కలయికకు ఐరోపాలో వ్యవస్థాగతమైన పునాది ఉంది. కౌన్సిల్ ఆఫ్ యూరప్ 1988లో నెలకొల్పిన ‘యూరిమాజ్’ నిధి సభ్యదేశాల చందాలతో నడుస్తుంది. సహనిర్మాణ చిత్రాలకు అది గరిష్ఠంగా 5 లక్షల యూరోల వరకు ఇస్తుంది. చిత్రానికి రాబడి వస్తేనే తిరిగి చెల్లించాలి. 1992 నాటి సహనిర్మాణ ఒప్పందం ప్రకారం బహుళదేశ చిత్రంలో ఒక్కో భాగస్వామి కనీస వాటా 10 శాతం. 2017 సవరణలో దీనిని 5 శాతానికి తగ్గించారు. చిన్న దేశాలు కూడా భాగస్వాములయ్యేందుకు ఇది దోహదపడింది.

అయితే ఈ సొమ్ము షరతులు లేకుండా రాదు. నిధులిచ్చే దేశం సాధారణంగా కొంత ఖర్చు తన గడ్డపైనే జరగాలని, తన సాంకేతిక నిపుణులకు అవకాశం దక్కాలని కోరుతుంది. జ్బానిచ్ చిత్రానికి ఛాయాగ్రాహకురాలు ఆస్ట్రియాకు చెందినవారు, ఎడిటర్ పోలండ్‌కు చెందినవారు. ప్రతిభ సంగతి అలా ఉంచితే, ఇటువంటి ఎంపికలకు నిధుల లెక్కతో సంబంధం ఉండటం ఈ రంగంలో పరిపాటి. పైగా ఒక్కో నిధికి ఒక్కో కమిటీ, ఒక్కో గడువు. ఒక్కరు కాదన్నా మిగతా అంచనాలన్నీ తిరగరాయాల్సిందే.

ఈ ప్రయాసకు ప్రతిఫలం ఏమిటో పోలండ్ ఉదంతం చెబుతుంది. బెలారస్ సరిహద్దులో శరణార్థుల దుస్థితిపై ఆగ్నియెష్కా హోలండ్ తీసిన ‘గ్రీన్ బోర్డర్’ 2023లో వెనిస్‌లో ప్రత్యేక జ్యూరీ పురస్కారం పొందింది. నాటి పోలండ్ న్యాయశాఖ మంత్రి దానిని నాజీ ప్రచారంతో పోల్చారు. ఆ చిత్రంలో ఫ్రాన్స్, చెకియా, బెల్జియం కూడా భాగస్వాములు. ఖజానా ఒక్కటే దిక్కైతే ఆగ్రహించిన ప్రభుత్వం ముందు నిర్మాత నిలవడం కష్టం.

ఈ నమూనా మూల్యం భారత్‌కూ అనుభవమే. పాయల్ కపాడియా ‘ఆల్ వీ ఇమాజిన్ యాజ్ లైట్’ ఫ్రాన్స్, భారత్, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్, ఇటలీ భాగస్వామ్యంలో రూపొంది, 2024లో కాన్ గ్రాండ్ ప్రి గెలిచింది. దేశంలో దానిని విడుదల చేసింది రానా దగ్గుబాటికి చెందిన స్పిరిట్ మీడియా. కానీ ఆస్కార్‌కు మన దేశ అధికారిక ఎంట్రీగా అది ఎంపిక కాలేదు. భారత్‌లో జరిగే ఐరోపా చిత్రాన్ని చూస్తున్నట్లుందని జ్యూరీ భావించినట్లు ఫిల్మ్ ఫెడరేషన్ అధ్యక్షుడు వెల్లడించారు. ముంబయి నర్సుల మలయాళం, హిందీ సంభాషణలతో సాగే చిత్రంపై ఆ మాట వినడం విచిత్రమే.

కేంద్రం 2023 నవంబరులో విదేశీ చిత్రాలకు ప్రోత్సాహకాన్ని 40 శాతానికి, గరిష్ఠంగా 30 కోట్ల రూపాయలకు పెంచింది. అయితే అది ఖర్చు చేశాక తిరిగిచ్చే సొమ్ము. చిత్రీకరణ మొదలుపెట్టడానికి కావలసిన తొలి రూపాయిని స్వతంత్ర దర్శకులు ఇప్పటికీ వేరే చోటనే వెతుక్కోవలసి వస్తోంది.