బొమ్మ రైలు ఎక్కడికి పోవాలి?

ప్రతి సంవత్సరం మన కళాశాలలో జరిగే విజ్ఞాన ప్రదర్శనలో ఒక రైలు తప్పక ఉంటుంది. పచ్చరంగు వేసిన చెక్క మీద గుండ్రని పట్టాలు, రంపపు పొట్టుతో చేసిన గడ్డి, థర్మోకోల్ కొండ, ఆ కొండలో ఒక సొరంగం. మీట నొక్కగానే రైలు బయలుదేరి సొరంగంలో దూరుతుంది, ఇవతలికి వస్తుంది, మళ్ళీ దూరుతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. పెద్దలు చిరునవ్వుతో ముందుకు సాగిపోతారు. ఆ రైలు ఎక్కడ నుండి వచ్చింది, ఎక్కడికి పోతున్నది, దానిలో ఏమున్నది అని అడిగేవారు లేరు. మేమూ అడగలేదు. అడగవలసిన ప్రశ్న అదేనని ఒక విద్యార్థి మాకు నేర్పాడు. ఆ పాఠాన్ని విద్యార్థి మిత్రులకు, కళాశాల కార్యవర్గ పెద్దలకు విన్నవించుకోవడం మా విధిగా భావిస్తున్నాము.

కొన్ని సంవత్సరాల క్రిందటి ప్రదర్శనలో ముగ్గురు న్యాయనిర్ణేతలలో మేమొకరము. తెలుగు బోధించే మాకు యంత్రాలతో పరిచయం తక్కువ. విద్యార్థుల వివరణలోని స్పష్టతను తూచడానికే మమ్మల్ని కూర్చోబెట్టారు. ఒక మూల బల్ల వద్ద డిగ్రీ రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు తన రైలును పెట్టుకొని నిలబడి ఉన్నాడు. కొండ లేదు, సొరంగం లేదు, దీపాలు లేవు. పొడవాటి చెక్క మీద ఒక దారి మూడు దారులుగా చీలి, ఆ మూడూ మొండిగా ఆగిపోయాయి. అట్టతో చేసిన వ్యాగన్ల మీద బొగ్గు, సిమెంటు, యూరియా, పత్తి అని తెలుగులోను ఉర్దూలోను వ్రాసి ఉన్నది. ప్రతి వ్యాగనుకు ఒక చీటీ: ఎక్కడ నుండి, ఎక్కడికి, ఏ సరకు. ఇంజను నెమ్మదిగా పోయి ఒక వ్యాగనును తగిలించుకుంటుంది, వెనుకకు వస్తుంది, ఆగుతుంది, మరొక దారిలోకి పోతుంది. పది నిమిషాలైనా అది నాలుగు మూరల దూరం దాటి పోలేదు.

“ఇది చుట్టూ ఎప్పుడు తిరుగుతుంది, నాయనా?” అని అడిగాము.

“చుట్టూ తిరగదు సార్. ఎవరి సామాను వాళ్ళ దగ్గర పెట్టి వస్తది” అన్నాడు.

మేము నవ్వి ముందుకు సాగాము. బహుమతి సొరంగం రైలుకు ఇచ్చాము.

ఆ సాయంత్రం మనుమరాలి చేయి పట్టుకొని ఒక పెద్దాయన వచ్చారు. కాజీపేట యార్డులో పాయింట్స్‌మన్‌గా, మన ఉర్దూలో చెప్పాలంటే కాంటేవాలాగా, పనిచేసి పదవీ విరమణ చేసినవారు. ఆయన సొరంగం రైలును చూసి వెళ్ళిపోయారు, మూల బల్ల వద్ద మాత్రం చాలాసేపు నిలబడ్డారు. విద్యార్థి ఒక వ్యాగనును మొండిదారిలోకి లాగుకొని పోబోతుంటే, “ఆగు బేటా, వ్యాగన్ సంగతి తర్వాత. ముందుగాల ఇంజన్ ఎట్ల బయటికొస్తదో చూసుకో” అన్నారు. నిజమే. ఇంజను ముందుండి వ్యాగనును మొండిదారిలోకి లాగితే, తానే లోపల చిక్కుబడుతుంది. వ్యాగనును నెట్టి పెట్టాలి. అందుకు ఇంజను దాని వెనుకకు చేరాలి. చేరడానికి పక్కన మరొక దారి ఉండాలి. “అవును చాచా” అని విద్యార్థి ఇంజనును వెనుకకు తిప్పాడు. వెళ్ళబోతూ పెద్దాయన మాతో అన్న మాట నేటికీ మరపునకు రాలేదు: “నేను చేసిన పని ఏందో మా ఇంట్ల కూడా ఎవ్వరికి తెల్వదు సార్. ఈ పిల్లగానికి తెలిసింది.”

ఏ పనికి విలువ ఉన్నదో, ఏది వట్టి తళుకో తేల్చవలసిన స్థానంలో కూర్చొని మేము తళుకునే ఎన్నుకున్నాము. ఇది ఒక్క మా పొరపాటే అయితే ఇంతటితో వదిలివేయవచ్చు. కాని మనమందరమూ చదువును చూసే చూపులోనే ఈ లోపమున్నదని మా అభిప్రాయం.

తరువాత కొంత చదివి తెలుసుకున్నాము. ఆ విద్యార్థి ఆడినది పసివాళ్ళ ఆట కాదు. గూడ్సు బండి వ్యాగన్లను విడదీసి, వరుస మార్చి, వాటి వాటి చోట్లకు చేర్చే పనిని షంటింగ్ అంటారు. నమూనా రైళ్ళను ప్రేమించేవారు ఈ పనినే బల్ల మీద యథాతథంగా చేస్తారు. ఇంగ్లండులో అలన్ రైట్ అనే ఆయన రూపొందించిన ఇంగిల్‌నూక్ సైడింగ్స్ అనే అమరిక ఇందులో పేరెన్నిక గన్నది. మూడు మొండిదారులు: ఒకదానిలో 5 వ్యాగన్లు, మిగిలిన రెండింటిలో మూడేసి మాత్రమే పడతాయి. ఇంజను అటూ ఇటూ కదలడానికి విడిచిన దారిలో ఇంజనుతోపాటు 3 వ్యాగన్లకే చోటు. మొత్తం వ్యాగన్లు 8. ఎనిమిది చీటీలు కలిపి అయిదు తీయాలి. తీసిన వరుసలోనే ఆ అయిదు వ్యాగన్లను పొడవైన దారిలో నిలపాలి. అంతే ఆట. ఎనిమిదింటిలో అయిదింటిని వరుసగా పేర్చడానికి 6,720 విధాలున్నవని గణిత విద్యార్థులు క్షణంలో చెప్పగలరు. అనగా నేడు ఆడిన ఆట రేపు మళ్ళీ రావడం అరుదు. గుండ్రంగా తిరిగే రైలుకు ఉన్నది ఒక్కటే దారి, అదీ మొదటి నిమిషంలోనే ముగుస్తుంది.

ఇందులో వేగానికి కూడా నియమమున్నది. మన రైల్వేలలో షంటింగ్ సాధారణంగా గంటకు 15 కిలోమీటర్లు మించరాదు. బజారులో దొరికే నమూనా రైళ్ళలో బహుళ ప్రచారంలో ఉన్నది అసలు పరిమాణంలో 87వ వంతు. ఆ లెక్కన బల్ల మీది ఇంజను సెకనుకు 5 సెంటీమీటర్లు దాటరాదు. పిల్లలు పరుగెత్తించే బొమ్మ రైలును ఈ కొలతతో చూస్తే అది రాకెట్టు! నెమ్మదిగా నడపడం, సరిగా ఆపడం, తాకీ తాకనట్లు తగిలించడం: నేర్పంతా అందులోనే ఉన్నది.

ఇదంతా పాశ్చాత్యుల కాలక్షేపమని కొందరు అనవచ్చు. కాని ఈ ఆటకు ఓరుగల్లు కంటే తగిన ఊరేది? పది కిలోమీటర్ల దూరంలో, ఒక కాజీ పేరును మోస్తూ కాజీపేట జంక్షను ఉన్నది. నిజాం కాలంలో వాడి నుండి సికింద్రాబాదుకు 1874లో వచ్చిన రైలు మార్గం, మన మీదుగా సాగి 1889లో బెజవాడ చేరింది. 1929 నాటికి కాజీపేట - బల్లార్షా మార్గం పూర్తయి ఢిల్లీని మద్రాసుతో కలిపింది. ఆ మార్గాన్ని ఒక్కసారి మనసులో ఊహించుకోండి. సిర్పూర్ కాగజ్‌నగర్‌లో కాగితం. మంచిర్యాలలో సిమెంటు. రామగుండంలో సింగరేణి బొగ్గు, ఆ బొగ్గును మండించే విద్యుత్ కేంద్రం, 1999లో మూతపడి 2021లో తిరిగి ఊపిరి పోసుకున్న ఎరువుల కర్మాగారం. జమ్మికుంటలో, మన ఏనుమాములలో పత్తి. ఒకచోట మిగిలినది మరొకచోట అవసరమవుతున్నది. రైలుకు గమ్యమనేది ఆ అవసరం నుండే పుడుతుంది. అర్థశాస్త్ర ఆచార్యులు ఒక సంవత్సరమంతా చెప్పే పాఠం ఒక బల్ల మీద ఇముడుతుంది.

1934లో ఏర్పడి వేలాది కుటుంబాలకు అన్నం పెట్టిన ఆజంజాహీ మిల్లు నేడు లేదు. బల్ల మీద మాత్రం దానిని తిరిగి తెరవవచ్చు. బొగ్గు లోపలికి, పత్తి లోపలికి, బట్టల బేళ్ళు బయటికి. ఆ చీటీలు వ్రాయడానికి విద్యార్థి తన తాతనో అమ్మమ్మనో అడగవలసి వస్తుంది. మన ఊరి చరిత్రను ఇంతకంటే శ్రద్ధగా చదివించే ఉపాయం మాకు తోచడం లేదు.

మరొక ఆక్షేపణ ఉన్నది, అది బలమైనదే. ఒక్కొక్క వ్యాగనును ఏరి కూర్చే కాలం చాలావరకు గడచిపోయింది. నేడు బొగ్గు మోసే బాక్స్‌ఎన్ రకం వ్యాగన్లు 58 లేదా 59 ఒకే రేకుగా, ఒకే సరకుతో, ఒకే గమ్యానికి పోతున్నవి. పత్తి ఎక్కువగా లారీలెక్కుతున్నది. పాతబడిన పనిని నేర్చుకొని ఏమి లాభం?

దీనికి సమాధానం మన కంప్యూటరు విభాగంలోనే ఉన్నది. చివర పెట్టినదే మొదట బయటికి రావాలనే ‘స్టాక్’ నియమాన్ని విద్యార్థులు వల్లె వేస్తుంటారు. మొండిదారిలో నిలిచిన వ్యాగన్ల వరుస అదే కదా! గణిత సమాసాలను యంత్రానికి అర్థమయ్యేటట్లు వరుస మార్చడానికి డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా 1961లో ఒక పద్ధతి చెప్పాడు. దాని పేరే ‘షంటింగ్ యార్డు’ పద్ధతి. మన విద్యార్థులు ఆ పేరును పరీక్షలో వ్రాస్తారు, కాని కాజీపేట యార్డును కిటికీలో నుండి కూడా చూడరు. అమెరికాలో ఎం.ఐ.టి. విద్యార్థులు 1946లో నమూనా రైళ్ళ సంఘమొకటి పెట్టుకున్నారు. టెలిఫోన్ రిలేలతో బల్ల క్రింద వారు అల్లిన తీగల నుండే కొందరు కంప్యూటరు విద్యలో తొలి నిపుణులుగా ఎదిగారు. మన దేశంలోనూ ఈ అభిరుచి లేకపోలేదు. పుణెలో జోషీ కుటుంబం వారి చిన్న రైళ్ళ ప్రదర్శనశాల 1998 నుండి ఉన్నది.

కాని ఉద్యోగానికో పరీక్షకో పనికివస్తుందన్నదే ఈ ఆటకు గల ఘనత అని మేము చెప్పడం లేదు. అంతకంటే పెద్ద గుణం బాధ్యత. బల్ల మీద కాంటా తప్పు వేస్తే నలుగురు నవ్వుతారు, వ్యాగనును ఎత్తి మళ్ళీ పట్టాల మీద పెడతారు. అసలు దారిలో ఆ అవకాశం ఉండదు. 2023 జూన్ 2న బాలాసోర్ జిల్లాలో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ లూపు లైనులోకి మళ్ళి, నిలిచి ఉన్న గూడ్సు బండిని ఢీకొన్నది. దాదాపు 300 మంది ప్రాణాలు పోయినవి. సిగ్నల్ తీగల పనిలో జరిగిన లోపాలను విచారణ ఎత్తిచూపింది. కంటికి కనబడని చోట ఎవరో ఒకరు తన పనిని సరిగా చేయడం మీదనే మనందరి ప్రయాణం ఆధారపడి ఉన్నదని ఇంతకంటే దారుణంగా ఏ పాఠమూ చెప్పలేదు. రైలు ఎక్కినప్పుడు మనకు డ్రైవరు గుర్తుకు వస్తాడు. రాత్రి వానలో లాంతరు పట్టుకొని రెండు వ్యాగన్ల నడుమకు వంగిన మనిషి గుర్తుకు రాడు. బహుమతుల పట్టికలోనూ మనం ఆయనకు చోటివ్వలేదు.

కనుక కార్యవర్గ పెద్దలకు మా మనవి. వాడకుండా ఉన్న గదిలో ఎనిమిది అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు గల ఒక బల్లను ఇప్పించండి. పట్టాలు, ఇంజను కొనడానికి నిధులు సమకూరేవరకు సుద్దముక్కతో గీసిన గీతలు, ఎనిమిది అగ్గిపెట్టెలు చాలు. నియమాలు మారవు. వారానికి ఒక గంట కేటాయించండి. ఒకరు యార్డు మాస్టరు, ఒకరు డ్రైవరు, ఒకరు పాయింట్స్‌మన్. ఉర్దూ మాధ్యమం వారూ తెలుగు మాధ్యమం వారూ కలిసి ఒకే రైలును నడపాలి. చీటీలు రెండు లిపులలోనూ ఉండాలి. మన పేటలలో పదవీ విరమణ చేసిన రైల్వే కార్మికులు ఎందరో ఉన్నారు. వారిని సంవత్సరానికి ఒకసారి వేదిక మీద శాలువతో కాక, ఆ బల్ల వద్ద కుర్చీ వేసి గురువులుగా కూర్చోబెట్టండి.

విద్యార్థులారా, మీకొక మాట. మార్కుల కోసం, ర్యాంకుల కోసం ఎంతో వేగంగా పరుగెడుతున్నారు. వేగం మంచిదే. కాని చుట్టూ తిరిగి బయలుదేరిన చోటికే వచ్చే పరుగును ప్రయాణమనరు. మీ చదువు ఎవరి వాకిట ఏ బరువు దించి రావాలో ఒక చీటీ మీద వ్రాసుకోండి. బయటికి వచ్చే దారిని కూడా ముందే చూసుకోండి.

ఆ విద్యార్థి చదువు ముగించుకొని వెళ్ళిపోయాడు. అతనికి ఇవ్వవలసిన బహుమతిని మేమిక ఇవ్వలేము. రాబోయే ప్రదర్శనలో న్యాయనిర్ణేతలుగా కూర్చునేవారు మాత్రం ప్రతి రైలు వద్దా ఒక నిమిషం ఆగి, “నాయనా, ఇది ఎక్కడికి పోతున్నది?” అని అడిగితే మా అప్పులో కొంతైనా తీరినట్లు భావిస్తాము.