నీరు పోయిన త్రోవ

ఆరు నెలలపాటు మా కారు నీళ్ళు త్రాగినది. త్రాగిన నీరు ఏమగుచున్నదో ఎవరికిని అంతుపట్టలేదు. ప్రతి ఆదివారము ఉదయమున రేడియేటరు మూత తీసి చూచినచో రమారమి లీటరు వెలితి. బండి నిలిచిన చోట నేల మాత్రము పొడిగానే ఉండెడిది. అడుగున అట్టముక్క పరచి చూచితిని. పాత పత్రికలు పరచి చూచితిని. చుక్క కానరాలేదు. నీరు తగ్గుట నిజము, కారకుండుటయు నిజము. ఈ రెండు నిజములకు పొత్తు కుదుర్చుటకై పడిన పాట్లలో నా వృత్తిని గూర్చిన చేదు సంగతి యొకటి నాకు బోధపడినది. దానిని ఉపాధ్యాయ మిత్రుల ముందును, విద్యార్థుల ముందును పెట్టవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

బండి అంబాసిడరు. మా నాన్నగారు కొన్నది. ఉత్తరపారాలోని కర్మాగారమున ఆ బండ్ల తయారీ 2014లోనే నిలిచిపోయినది. "ఇంకా ఎందుకండీ ఈ మోత?" అని పరామర్శించువారికి కొదువ లేదు. రాజమహేంద్రవరమునుండి రావులపాలెము మీదుగా కోనసీమలోని మా యింటికి 60 కిలోమీటర్లకు పైచిలుకు. అచ్చట మా అమ్మగారు ఒంటరిగా ఉన్నారు. ఆదివారము నేను పోవలెను. ఆమెను ఆసుపత్రికి తీసికొని రావలసిన వారములును ఉండును. ఒకనాడు జొన్నాడకు చేరకముందే, గౌతమి వంతెన నడిమిభాగమున, మిట్టమధ్యాహ్నపు టెండలో, అమ్మ ముందు సీటులో కూర్చుండగా వేడి చూపు ముల్లు ఎర్రగీత దాటినది. అంతవరకు వేడుకగా చెప్పుకొనుచుండిన వ్యవహారము ఆనాటితో వేడుక కాకుండ పోయినది.

అప్పటికే మూడు షెడ్లు తిరిగి యుంటిని. మొదటి యాతడు బోనెట్టు పూర్తిగా ఎత్తకమునుపే "పైపులండి" అనెను. రబ్బరు గొట్టములు మారినవి. రెండవ యాతడు "వాటర్ పంపండి" అనెను. పంపు మారినది. మూడవ యాతడు థర్మోస్టాటు మార్చెను. నీరు యథాప్రకారము తగ్గుచునే ఉన్నది. వీరిలో ఎవరును పని తెలియనివారు కారు. వారు చెప్పినవన్నియు పాతబండిలో నీరు పోవుటకు దగిన కారణములే. కాని కారణము కాదగినదానికిని, కారణమైనదానికిని నడుమ గోదావరియంత వెడల్పున్నది. ఇక వంతెనమీద ఆగిననాడు మమ్ము ఆదుకొన్న లారీ డ్రైవరు రేడియేటరులో గుప్పెడు పసుపు పోయుమనెను. దారిలో పనికివచ్చు నాటువైద్యమది. పసుపు నీటితో తిరిగి సన్నని చిల్లుకడ చిక్కుకొని అడ్డుపడును. నాలుగు దినములు నీరు నిలిచినది. అయిదవనాటికి పసుపు రేడియేటరు సన్నగొట్టములలోనే పేరుకొన్నదేమో, బండి మునుపటికంటె వేగముగా వేడెక్కసాగినది.

నాలుగవ ఆయన ధవళేశ్వరము పోవు దారిలో చింతచెట్టు క్రింద పనిచేయు మేస్త్రి. అరువదియేండ్లు దాటినవాడు. ఆయన బోనెట్టు జోలికే పోలేదు. బల్లమీద కూర్చుండి నన్నును కూర్చుండుమనెను.

"ఊళ్ళో తిరిగినప్పుడు తగ్గుతున్నాయాండి, దూరం వెళ్ళినప్పుడా? బండి ఊరికే నిలబెట్టినా తగ్గుతున్నాయా?"

నాకు తెలియదు. ఆరునెలలు నీరు పోసినవాడను. ఎప్పుడెంత పోసితినో ఒక్కనాడైనను గుర్తుపెట్టుకొనలేదు. ఆ మాటయే చెప్పితిని.

"అయితే రెండు వారాలు రాసుకుని రండి మాస్టారూ. దూరం వెళ్తే మాత్రం నీళ్ళ డబ్బా దగ్గర పెట్టుకుని, ముల్లు చూసుకుంటూ నెమ్మదిగా పోండి. వేడిమీద మూత తియ్యకండి. నేనెక్కడికీ పోను, ఆయ్!"

పాఠము అప్పగింపలేని పిల్లవానిని ఇంటికి పంపినట్లు పంపివేసెను. మొదట నాకు కోపమే వచ్చినది. అయినను హాజరుపట్టీ వెనుకపుటలో గీతలు గీసి వ్రాయసాగితిని. బయలుదేరునప్పటి మట్టము, తిరిగిన దూరము, మరునాడు చల్లారిన పిదప మట్టము. రెండు వారములు గడచునప్పటికి పట్టికయే మాటాడసాగినది. మూడు దినములు కదలకుండ నిలిచినను వెలితి లేదు. కళాశాలకు పోయి వచ్చినను లేదు. కోనసీమ పోయి వచ్చిననాడు మాత్రము లీటరు.

మేస్త్రి ఆ కాగితమును చదివిన తీరు నేను సమాధానపత్రములను చదివిన తీరుకంటె శ్రద్ధగా ఉన్నది. పిదప ఆయిలు చూచు కడ్డీ తీసి వ్రేలితో రాచి చూచెను. నీరు ఆయిలులో కలిసినచో అది మజ్జిగవలె తెల్లబారును, బారలేదు. సైలెన్సరు కడ నిలిచి పొగ చూచెను. నీరు మండుగదిలోనికి పోవుచున్నచో తెల్లని ఆవిరి విడువక వచ్చును; రాలేదు. హెడ్ గాస్కెట్టు మీది అనుమానము చాలవరకు తీరినది. తరువాత, ఇంజను చల్లగా ఉండగనే, రేడియేటరు నోటికి సైకిలు పంపువంటి చేతిపంపు బిగించి గాలి కొట్టెను. పంపుమీది ముల్లు లేచి నిలిచినట్లే నిలిచి, మెల్లమెల్లగా దిగసాగినది. చిల్లు ఉన్నదని తేలినది గదా! ఎచ్చట? చేతిలో చిన్న అద్దము, మరొక చేతిలో దీపము పట్టుకొని ఇంజను ప్రక్కను సామాను మరుగున గడియసేపు వెదకి, "ఇదిగోనండి" అని నన్ను పిలిచెను. అద్దములో సన్నని తెల్లగీత కనబడినది. ఎండిన ఉప్పుచార.

ఇంజను దిమ్మను పోతపోయునప్పుడు లోపల నీటిదారులు ఏర్పడుటకై ఇసుక అచ్చులు పెట్టుదురు. ఆ ఇసుకను తీసివేయుటకు ప్రక్కలను విడిచిన రంధ్రములను పలుచని ఇనుప బిళ్ళలతో మూయుదురు. మా బండిలో అట్టి బిళ్ళ యొకటి లోపలినుండి త్రుప్పుతిని సూదిమొనంత చిల్లు పడినది. రేడియేటరు మూత ఊరక మూత కాదు. వేడెక్కిన నీటిని ఒత్తిడిలో ఉంచునది. చదరపు అంగుళమునకు 7 పౌనుల ఒత్తిడి నిలుపు మూతయైనచో నీరు 100 డిగ్రీలకు బదులు సుమారు 111 డిగ్రీల కడ గాని మరుగదు. దూరము పోయి ఇంజను కాగినప్పుడు ఆ ఒత్తిడికి సూదిమొన చిల్లునుండి నీరు చిమ్మును. చిమ్మిన నీరు కాగిన ఇనుముమీదనే ఆవిరియై పోవును. నేలకు దిగునది లేదు. బండి చల్లారినచో ఒత్తిడియు లేదు, కారుటయు లేదు. నేను అట్టముక్క పరచినదెల్ల దొంగ వెళ్ళిపోయిన పిదప కాపలా కాచుటయే.

మరి బిళ్ళ ఏల త్రుప్పుపట్టినది? ఇచ్చట తప్పు నాది. మంచుకురియు దేశములలో నీరు గడ్డకట్టకుండుటకు గదా కూలెంటు, గోదావరి సీమలో దానితో పనియేమని ఏండ్ల తరబడి మంచినీటితో సరిపెట్టితిని. ఆ ద్రవము గడ్డకట్టకుండ కాపాడుటయే గాక లోపలి లోహమును త్రుప్పునుండి కూడ కాపాడునను సంగతి తెలిసికొనలేదు. పైగా మంచినీరన్న మాటయైనను నిజము కాదు. తిరుగుప్రయాణమునకు ముందు మా యింటి బోరునీరే పోసెడివాడను. సముద్రమునకు చేరువైన మా యూరిలో బోరునీరు ఉప్పన. ఆ ఉప్పే ఇనుమును తిన్నది. ఆ ఉప్పే తెల్లచారయై సాక్ష్యము చెప్పినది.

ఇంటికి వచ్చుచుండగా నన్ను పట్టుకొన్న మాట 'నిదానము'. తెనుగున నిదానమనగా తొందరపాటు లేమి. సంస్కృతమున నిదానమనగా మూలకారణము, రోగకారణమును నిర్ణయించుట. వైద్యులు చదువు మాధవనిదానము ఆ అర్థమున వెలసినదే. ఇక మన పాతవాడుకలో 'నిదానించి చూచుట' యనగా పరకాయించి చూచుట. ఒక్క మాటలో ఈ మూడును ఎట్లు ఒదిగినవో ఇన్నేండ్లు తెలుగు బోధించియు నేను ఆలోచింపలేదు. మేస్త్రి మూడింటిని కలిపి చేసి చూపెను. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున పొగనుబట్టి నిప్పును ఊహించుటకు వంటయిల్లు, మడుగు ఉదాహరణములుగా చూపెను. ఒకచోట రెండును ఉండును, ఒకచోట రెండును ఉండవు. నా పట్టికలోని కోనసీమ ప్రయాణము వంటయిల్లు. కదలని మూడుదినములు మడుగు. ఈ పోలిక తార్కికులకు నచ్చునో నచ్చదో గాని నాకు మాత్రము ఆ గ్రంథము ఆనాడు మరికొంత అర్థమైనది.

నిజమునకు ఈ విద్య మన సీమకు క్రొత్తది కాదు. పెంకుటింటిలో పెరిగినవారెవ్వరును చుక్క పడినచోటికి ఎగువనే పెంకు పగిలినదని అనుకొనరు. నీరు వాసము వెంబడి జారి ఎక్కడనో పడునని ఎరుగుదురు. 1986 ఆగస్టు వరదనాటికి నేను ఉన్నతపాఠశాలలో చదువుచుంటిని. రాత్రులందు లాంతర్లు పట్టుకొని ఏటిగట్టు కాచిన పెద్దల వెంట నేనును తిరిగితిని. గట్టు ఇవతల ఊటనీరు కనబడినచో వారు కంగారుపడి కేకలు వేయలేదు. వంగి, దోసిట పట్టి, లాంతరు వెలుగున చూచెడివారు. నీరు తేటగా ఉన్నచో గుర్తుపుల్ల పాతి ముందుకు నడచెడివారు. బురదగా ఉన్నచో గట్టులోని మట్టి తరలిపోవుచున్నదన్నమాట. అప్పుడు ఇసుకబస్తాలకై పరుగు. బడికి పోని ఆ చేతులకు తెలిసినది ఎం.ఏ. చదివిన నాకు తెలియకపోయినది.

తెలియకపోవుటకు కారణమును నేను ఇరువదియైదేండ్లుగా తరగతిలో పోషించుచునే యున్నాను. ప్రశ్న వేయుదును, ముందుగా చేయెత్తినవానికి 'శభాష్' అందును. "కొంచెం ఆలోచించి చెబుతానండి" అన్న ఒక విద్యార్థినిని దాటి ప్రక్క బెంచీకి పోయిన దినము నాకు ఇప్పటికిని కనులకు కట్టియున్నది. మొదటి షెడ్డువానిని నేనేల తప్పుపట్టవలెను? అతడు నా తరగతిలో చదివినచో మొదటి బెంచీవాడే అగును. అతనికి సామాను మార్చినందుకు డబ్బు ముట్టునే గాని చూచినందుకు ముట్టదు. చూచుటకు కూలి యిచ్చు ఆచారము మనకు లేదు. మన పరీక్షలలోను జవాబునకు మార్కులు కలవు, వెదకిన త్రోవకు లేవు.

మొన్న నా తరగతిలో ఒక ఉత్పలమాలను దోషముతో కల్పించి యిచ్చి, దోషమెచ్చటనో, దానిని ఎట్లు కనుగొంటిరో వ్రాయుమంటిని. పెక్కుమంది క్షణములో "యతి తప్పినది" అని వ్రాసి కలము మూసిరి. చెవికి తగులునది అదియే. కాని అసలు దోషము మూడవదగు నగణములో ఒక లఘువు లోపించుట. దానివలన తరువాతి యక్షరములు జరిగి యతిస్థానము చెడినది. ఒక విద్యార్థి మాత్రము మొదటి యక్షరమునుండి గురులఘువులు గుర్తించుచు రెండు గణములు సరిచూచి, మూడవదానికి వచ్చుసరికి గంట మ్రోగినది. అతనికే ఎక్కువ మార్కులు వేసితిని. తరగతిలో గొణుగుడు పుట్టినది. "జవాబు రాయనివాడికి మార్కులేమిటండీ?" అని ఒకడు అడిగియే వేసెను. న్యాయమైన ప్రశ్నయే. పాఠ్యప్రణాళిక పూర్తిచేయుటకే దినములు చాలని ఉపాధ్యాయులు, ఈ వెదకులాటకు వేళ యేదని అడుగుటయు న్యాయమే. వారమునకు ఒక్క ప్రశ్న ఈ తీరున అడుగుడనియే నా మనవి. మిగిలినవి ఎప్పటివలెనే నడచుగాక. సామాన్యశాస్త్రము చెప్పువారికి ఉదాహరణములకు కొదువయే లేదు. బడిలో కారుచున్న కుళాయి ఒకటి చాలును.

మేస్త్రి బిళ్ళ మార్చి, లెక్క చీటి వ్రాసి యిచ్చెను. బిళ్ళ ఖరీదు మిక్కిలి స్వల్పము. దాని క్రింద 'చూసినందుకు' అని వేరొక మొత్తము, దానికి పెక్కురెట్లు ఉన్నది. బిళ్ళ కింతయా అని బేరమాడుటకు నోటివరకు వచ్చిన మాటను మ్రింగి, ఇచ్చివేసితిని. ఇప్పుడు కూలెంటు పోసిన బండిలో మట్టము వెండ్రుకవాసి తగ్గుట లేదు. రేడియేటరులోని పసుపు మాత్రము ఇంకను పూర్తిగా వదలలేదు. దానిని విప్పి కడుగవలెనట. వచ్చే శనివారము రమ్మన్నాడు.